కనుమెక్కిన ఆరు రాడ్లు

జమ్మలమడుగు దాటి ముద్దనూరు కనుమ మొదలయ్యే చోటికి వచ్చేసరికి ప్రొద్దుటూరు నగల సావుకారు బదరీనారాయణ సొంత బస్సు దానంతట అదే నిలబడిపోయేది. డ్రైవరు అలీ అహ్మద్ బ్రేకు మీద కాలు పెట్టడం వట్టి మర్యాదకే. ఇంజను మూడుసార్లు దగ్గి, రేడియేటరు మూత కింద నుంచి ఇంత ఆవిరి వదిలి, ఇక మీ ఇష్టం అన్నట్టు ఊరుకునేది. అప్పుడు కండక్టరు ఓబులేసు వెనక మెట్టు మీద నిలబడి గొంతెత్తేవాడు.

"వెనక బెంచీలోళ్ళు దిగండప్పా! దిగి నడ్సండి! మీదికి పోయినాక ఎక్కిచ్చుకుంటాం!"

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళయింది. కర్నూల్లో కూర్చుని పెద్దలు కొత్త చట్టాలు చాలానే చేశారు గానీ, కనుమ కింద ఈ చట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వెనక బెంచీల వాళ్ళు దిగాలి. ముందు రెండు బెంచీల వాళ్ళు దిగరు. ఛార్జీ అందరికీ ఒకటే. కాకపోతే ముందు బెంచీల్లో కూర్చునేది ప్రొద్దుటూరు అంగళ్ళ వాళ్ళు, కరణాలు, తాలూకా కచేరీ గుమాస్తాలు. వాళ్ళను దిగమనడానికి ఓబులేసుకు నోరు రాదు. దిగాలన్న ఆలోచన వాళ్ళకూ రాదు. ఓబులేసు మాత్రం ఒక గుండ్రాయి చేత్తో పట్టుకుని బస్సు వెంబడి నడిచేవాడు, అది వెనక్కి జారితే చక్రం కింద వేయడానికి. ఆ రాయి వేసీ వేసీ అరిగి నున్నగా తయారైంది. ఎవరో తెలియక దానికి పసుపు కుంకుమ కూడా పెట్టిపోయారని చెప్పుకునేవారు.

ఆ సోమవారం ఫకీర్ సాహెబ్ ఇంజను మూత పక్కన కూర్చుని ఉన్నాడు. ప్రొద్దుటూరులో మోటార్ల షెడ్డు అతనిదే. పులివెందుల సంత రోజున బస్సు మీద బరువెక్కువ కాబట్టి పానాల సంచీ, నీళ్ళ డబ్బా పెట్టుకుని వెంట వచ్చేవాడు. వెనక బెంచీల వాళ్ళు దిగాక బస్సు కదిలింది. అతను అద్దంలో వెనక్కి చూశాడు. జమ్మలమడుగు నేతోళ్ళ నాగమ్మ చీరల మూట నెత్తిన పెట్టుకుని కనుమ ఎక్కుతోంది. మూట బస్సులో వదిలి దిగే రకం కాదామె. ఏబై ఏళ్ళు దాటాయి. ఎడమ మోకాలు ఉబ్బి ఉంది. రెండో మలుపులో కంకర మీద కాలు జారి, మూట కింద పడకుండా రెండు చేతులా పట్టుకుందే గాని తాను మోకాళ్ళ మీద పడింది.

పైన బస్సు ఆగింది. ఓబులేసు హారను పిండుతున్నాడు. ఫకీర్ సాహెబ్ దిగి కిందికి నడిచి వెళ్ళాడు. మూట అందుకోబోతే నాగమ్మ ఇవ్వలేదు.

"వద్దులే సాయిబూ. నెత్తురంటితే చీర పోతాది."

"దెబ్బ గట్టిగా తగిలిందా అక్కా?"

"యాడ తగిలిందో నా మొగుడు చెప్తాడులే, పైనుండి చూస్తాండాడు." ఆమె కొంగుతో మోకాలు తుడుచుకుంది. "నాకు తెలీక అడుగుతాండా సాయిబూ. ఛార్జీ ఇచ్చి నడిచేది మేము. ఛార్జీ ఇచ్చి కూచునేది వాళ్ళు. మనుషులకు కులముండాదంటే సరేలే అనుకుంటి. నీ ఇంజనుకు గూడా ఉండాదా?"

ఫకీర్ సాహెబ్ ముప్పై ఏళ్ళుగా ఇంజన్ల మీద మాటలు పడ్డవాడు. ఇంజను తాగుబోతుదన్నారు, ముసలిదన్నారు, దరిద్రపుదన్నారు. ఈ మాట ఎవరూ అనలేదు. అతనికి ఎక్కడో కాలింది.

"ఈ సోమవారం, వచ్చే సోమవారం ఓర్చుకో. మూడో సోమవారం నువ్వు కూచునే పైకి పోతావు. పోకుంటే నేను మల్ల పానా పట్టను."

"పట్టకుంటే ఏం తింటావు?" అంది నాగమ్మ, మూట ఎత్తుకుంటూ.

మాట ఊరికే ఇవ్వలేదు అతను. బదరీనారాయణ పదిరోజుల కిందటే మద్రాసులో మిలిటరీ పాత సామాన్ల వేలంలో ఒక గాలి యంత్రం కొనుక్కొచ్చాడు. బెల్టు మీద తిరుగుతూ ఇంజను నోట్లోకి గాలిని బలవంతంగా ఊదే డబ్బా అది. పోటీ బస్సువాడు పులివెందులకు అరగంట ముందు చేరుతున్నాడని ఆయన కడుపుమంట. ఆ డబ్బా గురించి ప్రొద్దుటూరులో అప్పటికే కథలు పుట్టాయి. రంగూను మీద బాంబులేసిన విమానానిదని ఒకరు, కాదు, జర్మనీ వాళ్ళ నీటి లోపలి ఓడదని ఇంకొకరు. దాన్ని తిప్పగానే ఎదురు మిద్దె మీది కాకి ఈకలన్నీ ఊడిపోయి కోడిపిల్ల మాదిరి నిలబడిందని ఓబులేసు ప్రమాణం చేసి చెప్పాడు. అప్పటికి దానికి ఇంకా బెల్టే లేదు.

మంగళవారం పొద్దున ఫకీర్ సాహెబ్ చేతులు రెండుసార్లు కడుక్కుని బదరీనారాయణ నగల అంగడికి వెళ్ళాడు. ఆయన మెత్త మీద కూర్చుని కొత్త పిస్టన్లు ఆరూ ముందు పేర్చుకుని ఉన్నాడు. డబ్బాతోపాటే మద్రాసులో కొన్నాడు. వెండిలా మెరుస్తున్నాయి. ఒక్కొక్కదాని నెత్తి బోర్లించిన గిన్నెలా ఉబ్బి ఉంది.

"చూస్తివా సాయిబూ సరుకు! పాతదానికంటే ఒక్కోటి ఎనిమిది తులాలు ఎక్కువ తూగుతాండాది. అదే దుడ్లకు!"

"బరువెక్కువుంటే ఏం మంచిది సావుకారూ? ఇది మెళ్ళో ఏసుకునేదా? నిమిషానికి రెండువేల మార్లు పైకెగిరి కిందికి దూకేది. నిన్ను నూరుమార్లు ఎగరమంటే బొజ్జ ఎక్కువుంటే మేలా, తక్కువుంటే మేలా?"

అంగట్లో గుమాస్తా నవ్వు దాచుకోవడానికి పద్దుల పుస్తకంలోకి వంగాడు. బదరీనారాయణ కోప్పడలేదు. "తక్కువ తూకం సరుకు మంచిదని చెప్పిన మొదటి మనిషివి నువ్వేప్పా" అన్నాడు.

"ఇంకోటుండాది. ఈ నెత్తి ఉబ్బు సూడు. ఇది పైకి పోయేకొద్దీ గాలిని ఇంకా బిగ్గట్టి నొక్కుతాది. మీ డబ్బా ఊదేది ఒక పక్క, ఇది నొక్కేది ఒక పక్క. పెట్రోలు టయానికి ముందే అంటుకుంటాది. పిస్టన్ నెత్తికి చిల్లు పడతాది. డబ్బా పెట్టేటట్టయితే నెత్తి చదునుగా ఉండాల."

"అయితే ఇవి పనికిరావా?" బదరీనారాయణ మొహం వాడింది.

ఫకీర్ సాహెబ్ ఒక పిస్టన్ తీసుకుని దాని కడుపులోకి వంకర కాళ్ళ కాలిపర్ పెట్టి నెత్తి మందం కొలిచాడు. ఆరింటినీ కొలిచాడు. "మందముండాది. లేత్ మీద ఉబ్బు కోసేస్తా. బరువూ తగ్గుతాది, నెత్తీ చదునవుతాది. ఇంక రాడ్ల సంగతి."

"రాడ్లకేమైంది? పాతవి బాగనే ఉండాయి గదా."

"ఊదకుండా ఉన్నప్పుడు బాగుండాయి. ఊదినాక పిస్టన్ నెత్తిన పిడుగు పడినట్టు పడతాది. ఆ పిడుగును కిందికి మోసుకుపోయి ఇరుసును తిప్పేది రాడ్డే. పాత రాడ్డు నడుము సన్నం. కనుమ మధ్యలో అది తెగిందనుకో, ఇంజను గోడ పొడుచుకుని బయటికొస్తాది. బస్సు వెనక్కి పోతాది. దాన్ని ఆపేదానికి ఓబులేసు చేతిలో రాయి తప్ప ఇంగేం లేదు."

"కొత్తవి తెప్పిద్దామా?" అన్నాడు బదరీనారాయణ.

"కొత్తవొద్దు. జమ్మలమడుగులో బాషా ఇనుప అంగట్లో రెండు మిలిటరీ లారీలు పడుండాయి. ఇదే ఇంజను, రాడ్లు మాత్రం మందం. సుత్తెదెబ్బల కింద సాగిన ఇనుము, పోత కాదు."

"తుప్పు సామానా నా బస్సుకు?"

"తుప్పు పైన సావుకారూ. లోపల చూసేది నేను గదా."

లేత్ పని బుధవారం మొదలైంది. పిస్టన్‌ను బిగించి తిప్పితే ఉబ్బు మీద నుంచి తెల్లటి తొక్కలు చుట్లు చుట్లుగా రాలసాగాయి. బదరీనారాయణ అంగడి మూయించి మరీ వచ్చి నిలబడ్డాడు. ప్రొద్దుటూరు నగల అంగళ్ళలో నేల ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు. ఏడాదికోసారి కడిగి, అందులో చిక్కిన బంగారు రజను తీసుకుంటారు. అలాంటి మనిషి కళ్ళ ముందు సరుకు నేల మీద కుప్పపడుతుంటే ఎలా ఉంటుంది? మొదటి పిస్టన్ దాకా ఓర్చుకున్నాడు. రెండోదానికి పంచె ఎగ్గట్టి కింద కూర్చుని తొక్కలు ఏరి పాత పేపరులో పొట్లం కట్టడం మొదలుపెట్టాడు.

"వాటితో ఏం చేస్తావు సావుకారూ?"

"ఏమీ చెయ్యను. పారేసేదానికి మనసు రావడంల్యా."

గురువారం ఫకీర్ సాహెబ్ బాషా అంగడికి వెళ్ళి రెండు ఇంజన్లూ విప్పించి పన్నెండు రాడ్లు బయటికి తీశాడు. ఒక్కొక్కదాన్నీ తీగకు వేలాడదీసి పానాతో మెల్లగా కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మంచి రాడ్డు గుడి గంటలా పలికి చాలాసేపు ఊగుతుంది. లోపల దెబ్బతిన్నది పగిలిన కుండలా తుక్కుమంటుంది. నాలుగు రాడ్లు తుక్కుమన్నాయి, వాటిని కుప్ప మీదికి విసిరేశాడు. ఎనిమిది మిగిలాయి. వాటిలో ఒకటి ఎంత చక్కగా పలికిందంటే దాన్ని మూడుసార్లు కొట్టి విన్నాడు. అది మొదటి సిలిండరుకు అనుకున్నాడు.

ఇంటికి తెచ్చి రాడ్లను కిరసనాయిలులో ముంచి ఒక పూటంతా నానబెట్టాడు. తీసి పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి ఎండలో పెట్టాడు. ఇనుములో ఎక్కడైనా వెంట్రుకవాసి పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు మెల్లగా బయటికొచ్చి సుద్దలో గీత చూపిస్తుంది. అతను నమాజుకు లేచి వెళ్ళొచ్చేసరికి అతని భార్య జానీబీ ఒక రాడ్డు చేత్తో పట్టుకుని గోటితో గీకుతోంది.

"ఏమయ్యా, దీనికి వెంట్రుక అంటుకుంది, ఎంత గీకినా రాదే!"

అతను తీసుకుని చూశాడు. నడుము దిగువన, బోల్టు రంధ్రం పక్కన, సన్నని తడి గీత. అది ఆ గంటలా పలికిన రాడ్డే. అతను దాన్ని గోడవారన పెట్టాడు. అన్నం తినేటప్పుడు రెండుసార్లు దాని వైపు చూశాడు. "ముప్పై ఏళ్ళ చెవి. గీత పడిందని చెప్పలేకపాయె" అన్నాడు.

"చెవితో ఇనేవన్నీ నిజమైతే ఓబులేసు కాకి గూడా నిజమే" అంది జానీబీ, చారు వడ్డిస్తూ.

ఏడు మిగిలాయి. ఆరు కావాలి. శనివారం, ఆదివారం వాటిని బదరీనారాయణ అంగట్లో వెండి తూచే పెద్ద త్రాసు మీద తూచాడు. ఊళ్ళో పత్తి తూచే కాటాలున్నాయి, శనక్కాయలు తూచే కాటాలున్నాయి. వాటికి తులం తేడా కనబడదు. రాడ్డుకు రెండు తలలు. పెద్ద తల ఇరుసును పట్టుకుని తిరుగుతుంది, చిన్న తల పిస్టన్‌తోపాటు ఎగురుతుంది. ఒక తలను దారానికి వేలాడదీసి ఇంకో తలను పళ్ళెంలో పెట్టి, తర్వాత తిప్పి పెట్టి, రెండు తూకాలూ విడివిడిగా సుద్దముక్కతో రాసుకున్నాడు. అన్నిటికంటే తేలికదాన్ని కొలతగా పక్కన పెట్టి, మిగతా ఆరింటినీ దాని తూకానికి వచ్చేదాకా ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాడు. నడుము మీద కాదు, తలల అంచున వదిలిపెట్టిన అదనపు ఇనుము మీద.

"ఎక్కువుండేదాన్ని తక్కువ చేసేదేంది సాయిబూ?" బదరీనారాయణ ఉండబట్టలేకపోయాడు. "మా అంగట్లో ఎవుడన్నా ఈ పని చేస్తే స్తంభానికి కట్టేస్తురు."

"ఆరూ ఒకటే తూకముండాల. ఒకటి ఎక్కువుంటే అది మిగతా ఐదింటినీ కొడతాది. గట్టిది కావొచ్చు, మంచిది కావొచ్చు. ఎక్కువుంటే అందరికీ చేటే."

"ఎంత తేడా ఉండొచ్చు?"

"గురివెంద గింజంత."

బదరీనారాయణ బంగారం తూచే గురివెంద గింజ ఒకటి తెచ్చి పళ్ళెంలో వేశాడు. త్రాసు ముల్లు కదిలింది. ఫకీర్ సాహెబ్ రాడ్డు తీసి ఆకురాయి మీద రెండుసార్లు లాగి మళ్ళీ పెట్టాడు. ముల్లు నిలబడింది. అప్పుడు బదరీనారాయణ అతన్ని చూసిన చూపు వేరు. ముప్పై ఏళ్ళలో తన అంగట్లో ఏ కంసాలినీ అలా చూడలేదు. అంగట్లో గుమాస్తా ఆ సాయంత్రమే ఊరంతా చెప్పాడు, ఫకీర్ సాహెబ్ ఊపిరి వదిలితే వచ్చే బరువును కూడా తీసేసి తూచాడని.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా బిగింపు. పిస్టన్ల చుట్టూ వేసే రింగుల సందు మామూలు కంటే కొంచెం ఎక్కువ వదిలాడు, వేడెక్కితే ఉబ్బుతాయి కాబట్టి. బోల్టులు మాత్రం పాతవి ఒక్కటీ వాడలేదు. శనివారం ఇరవై నాలుగు మందిని ఊరికే ఎక్కించుకుని కనుమకు పోయారు. అలీ అహ్మద్ అలవాటు కొద్దీ కింద ఆపబోతే ఫకీర్ సాహెబ్ అతని మోకాలు మీద కొట్టాడు. "పోనీ." బస్సు పోయింది. డబ్బా ఈలవేసింది. ముక్కుతూ కాదు, మూలుగుతూ కాదు, చదునైన దారిలో పోయినట్టు పోయింది. ఓబులేసు రాయి పట్టుకుని వెనక పరిగెత్తి అందుకోలేక, మూడో మలుపులో రాయి పారేసి ఫుట్‌బోర్డు పట్టుకున్నాడు.

మూడో సోమవారం. ఫకీర్ సాహెబ్ ప్రొద్దుటూరు స్టాండుకు వచ్చేసరికి బస్సు మీద ఆకాశం కనబడలేదు. టాపు నిండా శనక్కాయ మూటలు. లోపల బెంచీకి ఇద్దరు ఎక్కువ. ముందు బెంచీలో బదరీనారాయణే కూర్చున్నాడు, పక్కన వేంపల్లె నుంచి వచ్చిన కరణం, ఇద్దరు గుమాస్తాలు, ఆయన బామ్మర్ది, ఇంకా ఏడెనిమిది మంది పెద్దమనుషులు. కొత్త ఇంజను చూపించడానికి పిలుచుకొచ్చాడు.

"సావుకారూ, మూటల సంగతి నాతో చెప్పలేదే!"

"బలమొచ్చింది గదప్పా. బలమున్నోడు ఊరికే కూచుంటే ఎట్ల?"

జమ్మలమడుగులో నాగమ్మ ఎక్కింది. వెనక బెంచీలో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫకీర్ సాహెబ్‌ను చూసి, "ఈ పొద్దు నీ పానా సంగతి తేల్తాది" అని నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. అతను మనసులో మూటలు లెక్కపెడుతున్నాడు.

కనుమ కింద బస్సు ఆగింది. ఈసారి అలీ అహ్మదే ఆపాడు. "శానా బరువుండాది మామా" అన్నాడు ఫకీర్ సాహెబ్‌తో. ఓబులేసు మెట్టు మీద నిలబడి, ఏమీ జరగనట్టే, గొంతెత్తాడు.

"వెనక బెంచీలోళ్ళు దిగండప్పా!"

నాగమ్మ ఏమీ అనలేదు. అదే అతనికి గుచ్చుకుంది. ఒక మాట అంటే బాగుండేది. ఆమె మోకాలు మీద చెయ్యి ఆనించి లేచి మూట నెత్తికెత్తుకోబోయింది.

ఫకీర్ సాహెబ్ దిగి ఇంజను మూత తెరిచాడు. బెల్టు నొక్కి చూశాడు. డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజను మోస్తుంది. అంతా మోయదు. పన్నెండు మంది దిగితే చాలు, మూటలతో సహా పైకి పోతుంది. ఏ పన్నెండు మంది అన్నది ఇంజనుకు తెలియదు. అతను మూత వేసి చేతులు తుడుచుకుని ముందు తలుపు దగ్గరికి వచ్చాడు.

"వెనకోళ్ళు కూచోండి. ముందు బెంచీలోళ్ళు దిగాల."

ఓబులేసు నోరు తెరిచినవాడు మూయలేదు. కరణం ఎవరితో అన్నాడోనని వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందీ?" అన్నాడు బదరీనారాయణ.

"గాలి డబ్బా ముందుండాది సావుకారూ. ముందర మనుషుల బరువు పడితే డబ్బా కుంగుతాది. కుంగితే బెల్టు జారతాది. కనుమ మధ్యలో గాలి తెగిందంటే పిస్టన్లు ఆగి రాడ్లు తెగుతాయి. వెనక ఎంతమందున్నా ఏం కాదు. ముందు ఉండకూడదు. ఉంటామంటే ఉండండి, నా పూచీ లేదు."

ఇందులో గురివెంద గింజంత నిజం లేదు. ముప్పై ఏళ్ళలో ఇంజను గురించి అతను అబద్ధం చెప్పడం అదే మొదలు. బదరీనారాయణ అతని మొహంలోకి చూశాడు. తన త్రాసులోనే, తన కళ్ళ ముందే, ఆరు రాడ్లను ముల్లు కదలకుండా తూచినవాడు. అతని మాట తూచడానికి ఆ కనుమ కింద త్రాసు లేదు.

"దిగండప్పా" అన్నాడు బదరీనారాయణ, పంచె సర్దుకుంటూ. "ఇంజను మాట వినాల గదా."

పన్నెండు మందీ దిగారు. ఒక గుమాస్తా గొడుగు తెరిచాడు. ఇంజను పక్కన కూర్చునేది తానే కాబట్టి ఫకీర్ సాహెబ్ కూడా దిగక తప్పలేదు. బస్సు ఈలవేస్తూ వాళ్ళను దాటిపోయింది. కిటికీల్లో వెనక బెంచీల వాళ్ళ మొహాలు వరసగా కనబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషులు నడవడం వాళ్ళు అంతకుముందు చూసి ఉండలేదు.

మొదటి మలుపులో కరణం చెప్పు తెగింది. రెండో మలుపులో బదరీనారాయణ రోడ్డంచు రాయి పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఈ కనుమ ఎంతుంటాది సాయిబూ?"

"మైలున్నర."

"బస్సులో ఇంత తెలీదే!"

ఫకీర్ సాహెబ్ పైమలుపు వైపు చెవి పెట్టి ఉన్నాడు. ఆరు రాడ్లూ ఒకటే తూకంలో కొడుతున్నాయి. ఒక్క దెబ్బా తప్పడం లేదు.

"మూటలు ల్యాకుంటే?" అన్నాడు బదరీనారాయణ కొంచెం ఊపిరి తీసుకుని.

"శనివారం చూస్తివి గదా. ముందోళ్ళూ కూచోవచ్చు, వెనకోళ్ళూ కూచోవచ్చు."

"రేపట్నుంచి శనక్కాయలు ఎడ్లబండ్ల మీద పోనీలే" అన్నాడు బదరీనారాయణ, మళ్ళీ నడక మొదలుపెడుతూ.

పైకి చేరేసరికి బస్సు చెట్టు నీడలో నిలబడి ఉంది, ఇంజను మెల్లగా ఆడుతోంది. ఆయన తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ముందు రెండు బెంచీలూ నిండుగా ఉన్నాయి. వెనక ఇరుగ్గా ఉందని సగం మంది ముందుకొచ్చి కూర్చున్నారు. కిటికీ పక్కన, ఆయన సీట్లో, నాగమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"వీళ్ళెప్పుడొచ్చిరి ముందుకు?" అన్నాడు ఓబులేసుతో.

"కింద మొదటి మలుపులోనే వచ్చేసిరి సావుకారూ. గాలి బాగొస్తాదని."

బదరీనారాయణ ఫకీర్ సాహెబ్ వైపు తిరిగాడు. ఫకీర్ సాహెబ్ రేడియేటరు మూత మీది దుమ్ము గుడ్డతో చాలా శ్రద్ధగా తుడుస్తున్నాడు. వెనక పదకొండు మంది పెద్దమనుషులు రొప్పుతూ, చెమటలు కక్కుతూ ఒక్కొక్కరే వస్తున్నారు. ఇప్పుడు నోరు తెరిస్తే తానూ మోసపోయి, వాళ్ళనూ నడిపించానని వాళ్ళందరి ముందూ చెప్పుకోవాలి.

ఓబులేసు నాగమ్మను లేపబోయాడు. బదరీనారాయణ చేత్తోనే వద్దన్నాడు. మాటకు ఊపిరి చాల్లేదు. సీట్ల మధ్య సందులో నుంచి వెనక్కి పోయి, ఖాళీగా ఉన్న చోట, చివరి బెంచీ మీద కూలబడ్డాడు.

నాగమ్మ మెడ తిప్పి ఆయన్ని చూసింది.

"కాళ్ళు చాపుకో సావుకారూ" అంది. "మొదట్లో అట్లే గుంజుతాయి."